గేజు చెప్పని మాట

ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు, పక్కన ఎవరో పలక మీద బలపంతో కొడుతున్నట్టు అనిపించింది. ముప్పై రెండేళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి, నా చెవికి ఆ పోలికే తట్టింది. టిక్కు, టిక్కు, టిక్కు. మే నెల, పొద్దున ఏడున్నర. ట్రాక్టరు వెనక 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరు. మిట్ట ఎక్కేటప్పుడు ఎంత చప్పుడో, దిగేటప్పుడూ అంతే. గేజు చూశాను. ఆయిల్ ముల్లు మూడు కిలోల దగ్గర నిలకడగా ఉంది. నూనె బాగానే అందుతోంది, ఇంక భయమేముంది అనుకుని ఊళ్లోకి తోలుకొచ్చాను.

మార్కాపురం, తర్లుపాడు, కొనకనమిట్ల, పొదిలి వైపు ఎండాకాలం గడిపినవాళ్లకు ట్యాంకరంటే ఏమిటో చెప్పనక్కరలేదు. సగం బోర్లు ఎండిపోతాయి. ఎండని బోర్లలో ఫ్లోరైడు. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గార కడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి, వంగిన నడుము మళ్లీ లేవదు. నా బళ్లో ముందు వరస పిల్లలు నవ్వితే ఆ గార పళ్లే కనిపించేవి. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల కింద సొరంగాలు తొలిచి నీళ్లు తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్ల పైచిలుకు. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే మా ఊళ్లో ఒక తరం ముసలిదైపోయింది. అందాకా ట్రాక్టరే మా కాలువ.

డ్రైవర్ని పంపించేసి అప్పటికి ఇరవై రోజులు. కొత్తవాడు కుదరలేదు. అరవై రెండేళ్ల వయసులో నేనే స్టీరింగు పట్టుకున్నాను. బజారు మధ్యలో బండి ఆపితే బిందెలు వరసగా పేర్చి ఉండేవి. ఆ వరసను చూశాక, ఒక పూట మానేద్దామన్న ఆలోచన కూడా రాదు.

రెండో రోజుకు బలపం చప్పుడు కాస్తా సుత్తి దెబ్బయింది. దారిలో ఉన్న ఒక షెడ్డులో చూపించాను. "బోరు పని సార్. పిస్టన్లు, లైనర్లు మార్చాల" అన్నాడు. ఇంకో షెడ్డులో, "కాదు, కనెక్టింగ్ రాడ్డు బేరింగు పోయింది, క్రాంకు దింపాల" అన్నారు. ఇద్దరూ చెప్పిన మొత్తం ఒకటే, అరవై వేలు. పది రోజులు బండి షెడ్డులోనే ఉండాలి. పది రోజులు ఊరికి నీళ్లెట్లా?

అప్పుడు మా బావమరిది మార్కాపురంలో కంభం రోడ్డు పక్కనున్న ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి పొమ్మన్నాడు. పలక గనులు జోరుగా నడిచిన రోజుల్లో, గుంతల్లో ఊరిన నీళ్లు తోడే డీజిల్ ఇంజన్ల దగ్గర కుర్రాడిగా పని నేర్చుకున్న మనిషి. ఒకప్పుడు దేశం నలుమూలలా బడిపిల్లల చేతుల్లో మార్కాపురం పలకలే ఉండేవి. ఆ పలక రాతిని పొరలు పొరలుగా చీల్చే పనివాళ్లు, ఉలి పెట్టేముందు రాయిని వేలితో తట్టి వింటారు. ఈ మేస్త్రీ కూడా స్పానరు ముట్టుకోలేదు.

"స్టార్ట్ చెయ్యండి అయ్యవారూ" అన్నాడు.

పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. కింద చాంబరు దగ్గర విన్నాడు. బ్లాకు మధ్యలో విన్నాడు. పైన టాపెట్ కవరు దగ్గర చాలాసేపు విన్నాడు. తర్వాత ఒక్కో సిలిండరుకు డీజిల్ పోయే నాజిల్ పైపు నట్టు వదులు చేసి, మళ్లీ బిగించాడు. మూడింటికీ అలాగే చేశాడు.

"అడుగున బేరింగు దెబ్బయితే, ఆ సిలిండరుకు డీజిల్ ఆపంగానే బరువు తగ్గి చప్పుడు మారాల. మారలా. పైగా ఇంజను రెండు చుట్లు తిరిగితే గాని వాల్వు ఒకసారి తెరుచుకోదు. వినండి, చప్పుడు గూడా ఇంజను పరుగులో సగమే ఉంది. ఇది పై చప్పుడు. మీ పిస్టన్లకేం గాలా, క్రాంకుకేం గాలా."

అరవై వేలు నా గుండె మీంచి దిగిపోయాయి. ఆ తేలికతనం ఎంతోసేపు నిలవలేదు.

మేస్త్రీ డిప్‌స్టిక్ లాగి చూశాడు. నూనె కింది గీతకు కూడా అందడం లేదు.

"ఎప్పుడు చూసినారు?"

"చూడలేదు మేస్త్రీ. ఈ బండిలో నూనె ఎప్పుడూ పై గీత దగ్గరే ఉంటుంది. తగ్గడమన్నది నేనెరగను."

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, రెండు లీటర్లు కొలిచి పోశాడు. మట్టం పై గీతకు వచ్చింది. మళ్లీ స్టార్ట్ చేయించాడు. చప్పుడు అలాగే ఉంది. గేజు తీగ విప్పేసి, ఆ చోట తన సొంత గేజు బిగించి చూశాడు. అదీ మూడు కిలోలే చూపించింది.

"మీ గేజు అబద్ధం చెప్పట్లా" అన్నాడు.

"మరి చప్పుడెందుకు?"

"గేజు తానున్న చోటి సంగతి చెప్తది. అది ఉండేది కింద. పైన ఏం జరుగుతుందో దానికెట్ట తెలుస్తది?"

టాపెట్ కవరు నట్లు రెండూ విప్పాడు. ఒక నట్టును వేళ్ల మధ్య తిప్పుతూ వెలుతురులో కాసేపు చూశాడు. దాని కిందున్న నల్లటి రబ్బరు వాషరును గోటితో నొక్కి చూశాడు. ఏదో అనబోయి, రెండింటినీ పళ్లెంలో వేశాడు.

కవరు ఎత్తేసరికి నాక్కూడా అర్థమైంది. నూనె ఓడుతూ ఉండాల్సిన రాకర్లు ఎండిన తుమ్మ మొద్దుల్లా ఉన్నాయి. వాల్వు మీద కొట్టే కొసల దగ్గర ఇనుము కాగి నీలం రంగుకు తిరిగింది. మాడిన గిన్నె అడుగున తేలే రంగు అది. ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే ఒక్కో రాకరు 750 సార్లు ఊగాలి. అంత ఊగులాటకు నూనె పొర ఒక్కటే ఆధారం. అది లేకపోతే ఇనుము ఇనుమునే తింటుంది.

"నెమ్మదిగా తిప్పుతా ఉండండి" అని ఆయన బీడీ వెలిగించుకున్నాడు. "ఈ బీడీ అయ్యేలోపు పైకి నూనె రావాల. చిమ్మనక్కర్లా, ఊట మాదిరి ఊరితే చాలు."

బీడీ అయిపోయింది. ఒక్క చుక్క ఊరలేదు.

"కంభం చెరువు చూసినారు గదా అయ్యవారూ?"

చూడకుండా ఎట్లా ఉంటాను? శ్రీకృష్ణదేవరాయల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని మా పెద్దలు చెప్పే చెరువు. రెండు కొండల సందులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట. అయిదు వందల ఏళ్లుగా తడిపొడి కాలాలన్నీ చూసిన ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. దాని వైశాల్యం మీద ఎన్నో లెక్కలు పిల్లలతో చేయించినవాణ్ణి.

"చెరువు నిండితే కట్ట దగ్గర కొలతబద్ద చెప్తది, నిండిందని. తూములో నుంచి కాలువకు, కాలువ నుంచి పిల్లకాలువకు, దాన్నుంచి చివరి మడికి పోవాల నీళ్లు. నడిమధ్య ఏడనో అడ్డం పడితే చివరి మడి ఎండుతది. బద్దనడిగితే చెరువు నిండుగా ఉందనే అంటది. అది అబద్ధమా? కాదు. కానీ పైరు ఎండింది."

ఆయన చెబుతుంటే ఆ కాలువంతా నా కళ్లకు కట్టింది. ఇంజను అడుగున చాంబరులో నూనె. పంపు దాన్ని జల్లెడలోంచి లాగి, ఫిల్టరు గుండా తోసి, బ్లాకు పొడవునా ఉండే పెద్ద కాలువలో నింపుతుంది. గ్యాలరీ అంటారు దాన్ని. గేజుకు తగిలేది అక్కడి నూనే. అక్కణ్నుంచి క్రాంకు బేరింగులకు, క్యామ్ షాఫ్టుకు. క్యామ్ షాఫ్టు దగ్గర నుంచి పెన్సిలంత లావు కూడా లేని దారి బ్లాకులో పైకి ఎక్కి, బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండే ప్యాకింగులోని చిల్లు దాటి, హెడ్డులోంచి రాకర్ స్టాండులోకి పోతుంది. అక్కడ బోలుగా ఉండే రాకర్ షాఫ్టు. దానికున్న చిల్లుల్లోంచి ఒక్కో రాకరుకు కొద్దికొద్దిగా. అన్నిటికన్నా చివరి మడి అదే.

"ఇంక అడ్డం ఏడుందో ఎతకాల" అని మేస్త్రీ రాకర్ షాఫ్టు ఊడదీశాడు. "తెలియనోడు దీన్ని తిరగేసి బిగించినా ఇంతే. రాకరును పుష్‌రాడ్డూ వాల్వూ రెండు కొసలా కింద నుంచి పైకి తోస్తాయి గదా, అందుకని బుష్షు షాఫ్టు అడుగున ఒరుసుకుంటది. నూనె చిల్లులు ఆ పక్కనే ఉండాల." చిల్లులు సరైన వైపే ఉన్నాయి. షాఫ్టు కొసల బిరడాలు ఉన్నాయి. గాలి కొడితే అన్ని చిల్లుల్లోంచీ వచ్చింది. షాఫ్టులో తప్పు లేదు.

డీజిల్ ఆపి సెల్ఫ్ కొట్టమన్నాడు. స్టాండు కింద హెడ్డులో ఉన్న రంధ్రం మీద వేలు పెట్టి చూశాడు. వేలు పొడిగానే వచ్చింది. అడ్డం ఇంకా కిందనే ఉంది.

అప్పుడు సైకిలు బ్రేకు వైరు ఒకటి తెచ్చి, ఆ రంధ్రంలోకి మెల్లగా దించాడు. కొంత దూరం పోయి ఆగింది. పైన రంధ్రం అంచు దగ్గర వైరును గోటితో పట్టుకుని, అలాగే బయటికి లాగి, హెడ్డు పక్కన నిలువుగా ఆనించాడు. వైరు కొన సరిగ్గా హెడ్డూ బ్లాకూ కలిసే గీత మీద నిలిచింది.

లెక్కల పంతుల్ని. అంత శుభ్రమైన నిరూపణ నేను నల్లబల్ల మీద కూడా ఎన్నడూ చేయలేదు.

"ప్యాకింగు దగ్గర" అన్నాడు మేస్త్రీ. "హెడ్డు ఎప్పుడు లేపినారు?"

నా నోరు తడారిపోయింది. ఎనిమిది నెలల కింద, వాన పడి పొలాలు పదునెక్కిన వారంలో, వేరే చోట హెడ్డు లేపించి వాల్వులు రుద్దించాను. కొత్త ప్యాకింగు ఆ రోజు దొరకలేదు, ఒంగోలు నుంచి రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. అదును దాటిపోతుందని నేనే తొందరపెట్టాను. పాతదే వేసి, బాగా పేస్టు పూసి బిగించమన్నది నేనే. ఆ సంగతి మేస్త్రీకి దాచకుండా చెప్పాను.

మర్నాడు పొద్దున హెడ్డు లేపాడు. ఆ చిల్లు మీద ఎర్రటి పేస్టు గట్టిపడి, చింతగింజంత బిళ్లయి కూర్చుంది. మధ్యలో సూది మొనంత గుర్తు. దాని చుట్టూ నల్లటి మడ్డి.

"ముందు ఈ సందులో నుంచి కాస్తో కూస్తో పొయ్యేది. మడ్డి పేరుకుని అది గూడా మూసుకుపొయ్యింది. ప్యాకింగుకు పేస్టు పూసినా, నూనె చిల్లు చుట్టుపక్కలకు రానియ్యగూడదు అయ్యవారూ. బిగించినప్పుడు అది పరుచుకోని దారి మూస్తది." ఆ మాటలో నిందేమీ లేదు. బళ్లో నేను తప్పు దిద్దినప్పుడు కూడా అంత మెత్తగా చెప్పి ఉండను.

ఆ తర్వాత పళ్లెంలోంచి ఆ రెండు నట్లూ తీసుకొచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"నాకు తేలని లెక్క ఒకటుంది. మీరు చెప్పాల. ఈ మడ్డి గట్టిదనం చూస్తే, దారి పూర్తిగా మూసుకుని మూడు నాలుగు నెలలకు తక్కువుండదు. నూనె లేని రాకర్లు మూడు నాలుగు నెలలు బతకవు. మరి ఈ బండి మొన్నటిదాకా చప్పుడు లేకుండా ఎట్ట తిరిగింది?"

నా దగ్గర జవాబు లేదు.

"ఈ నట్లు చూడండి. టాపెట్ కవరు మేము ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పుతాం. వీటి మూలలు అరిగిపొయ్యి వెండి మాదిరి మెరుస్తుండాయి. ఇవి రోజూ విప్పి బిగించిన నట్లు. రోజూ విప్పితే కంపెనీ వాషర్లు ఆగవు, అందుకని ఎవరో సైకిలు ట్యూబు గుండ్రంగా కోసి వేసినారు. కత్తెరతో ఎంత ఓపిగ్గా కోసినారో చూడండి. పైకి నూనె రావడం లేదని ఆ మనిషికి తెలుసు. రోజూ కవరు తీసి, చేత్తో పోసినాడు."

నేను మాట్లాడలేదు.

"అట్ట పోసిన నూనె యాడికీ పోదు. రాకర్లను తడిపి, పుష్‌రాడ్ల పక్క నుంచి చాంబరులోకే దిగుతది. పాత ఇంజను, రోజుకు వంద మిల్లీలీటర్లన్నా తాగుతది. అది తాగింది తాగినట్టు పై నుంచి నిండుతా ఉండింది. అందుకే మీ డిప్‌స్టిక్ ఎప్పుడూ తగ్గలా. ఇరవై దినాల నుంచి పోసేవాళ్లు లేరు. రెండు లీటర్లు తగ్గింది, రాకర్లు అరిచినాయి." ఆయన చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ఎవరండీ ఆ మనిషి? అట్టాంటోడు నాకు దొరికితే షెడ్డు అప్పజెప్తును."

ఆ మనిషి నా డ్రైవరు. ఆరేళ్లు నా బండి తోలినవాడు. అంతకుముందు నా బళ్లో ఏడో తరగతి దాకా చదివినవాడు. పలక మీద వాడి చెయ్యి పట్టుకుని కూడికలు దిద్దించింది నేనే.

సంక్రాంతి పోయాక ఒకసారి, "బండి రెండు దినాలు ఆపుదాం సార్" అన్నాడు. పండగ బద్ధకం తీరలేదేమో, సెలవు కోసం అడుగుతున్నాడనుకున్నాను. ఊరికి నీళ్లెవరు తెస్తారని కసురుకున్నాను. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత నా నోటుపుస్తకంలో లెక్క తేడా రావడం మొదలైంది. నాకు ప్రతి పైసా రాసిపెట్టే అలవాటు. 250 గంటలకొకసారి మార్చే ఇంజనాయిల్ లెక్క వేరే ఉంది. అది కాకుండా పై ఖర్చుకు ఉంచిన డబ్బాల్లో నూనె తరిగిపోతోంది. మే మొదటి వారానికి పది లీటర్లు. డిప్‌స్టిక్ మాత్రం ఎప్పుడు చూసినా నిండుగానే ఉంది. బండి తాగలేదు, డబ్బాలో లేదు. మరి ఎక్కడికి పోయింది? నోటుపుస్తకంలో జవాబు ఒక్కటే కనిపించింది.

ఒకరోజు తెల్లవారుజామునే లేచి వెళ్లాను. వేపచెట్టు కింద బండి పక్కన నిలబడి, డబ్బాలోంచి టీ గ్లాసులోకి నూనె వంచుతున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏందిరా ఇది?"

"బండికే సార్."

డిప్‌స్టిక్ లాగి, అక్కడ చేరిన నలుగురికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాను. "పై గీత దాకా ఉంది. నిండుగా ఉన్న బండికి నూనె ఎందుకురా?"

"పైన సార్..." అని మొదలుపెట్టాడు.

"పైనా లేదు, కిందా లేదు. పది లీటర్లు. దొంగతనానికి నా బండే దొరికిందా నీకు?"

దొంగ అన్న మాట ఊళ్లో అందరూ విన్నారు. వాడు గ్లాసును మడ్‌గార్డు మీద పెట్టి, తలగుడ్డ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పది లీటర్లు, లీటరు 250. ఆ నెల జీతంలో 2,500 పట్టుకుని మిగిలింది వాళ్ల బంధువు చేతికిచ్చి పంపాను.

మర్నాడు వాడి భార్య మా ఇంటి గేటు దగ్గరికి వచ్చింది. డబ్బుల కోసం బతిమాలడానికి వచ్చిందనుకున్నాను. లోపలే కూర్చుని, నేను ఇంట్లో లేనని మా ఆవిడతో చెప్పించాను. ఆ పిల్ల ఎండలో చాలాసేపు నిలబడి పోయింది. ఆ మర్నాడు మళ్లీ వచ్చింది. మళ్లీ లేననే చెప్పించాను.

షెడ్డులో ఆ నట్లు చేతిలో పెట్టుకుని లెక్క వేశాను. సంక్రాంతి దాటిన పది రోజుల నుంచి మే మొదటి వారం దాకా వంద రోజులు. రోజుకు టీ గ్లాసుడు, వంద మిల్లీలీటర్లు. వందను వందతో గుణిస్తే పది లీటర్లు. నోటుపుస్తకంలో నేను రాసిన అంకె ఒక్కటీ తప్పు కాదు. ఆ అంకెలతో నేను ఒక మనిషిని దొంగను చేశాను.

మేస్త్రీ కొత్త ప్యాకింగు వేశాడు. దారిలో మడ్డి అంతా కడిగి, గాలి కొట్టి, రాకర్ షాఫ్టూ బుష్షులూ మార్చాడు. ఫీలర్ గేజు పెట్టి ఒక్కో టాపెట్ సందు సరిచేశాడు. కవరు మూయకముందు స్టార్ట్ చేయించి, మళ్లీ బీడీ వెలిగించాడు. బీడీ సగం కాలకముందే మొదటి రాకరు మీద నూనె ఊరింది. తర్వాత రెండోది. కాసేపటికి అన్నీ తడిసి, ఎండలో మెరుస్తూ నిశ్శబ్దంగా ఊగడం మొదలుపెట్టాయి. అది చూస్తుంటే నాకు కళ్లు నిండాయి. మేస్త్రీ చూసీ చూడనట్టు పక్కకు తిరిగాడు.

ఆ సాయంత్రం ఊళ్లో ట్యాంకరు విప్పి, నేరుగా చెరువుకట్ట కింద కాలనీకి వెళ్లాను. వాడు లేడు. హైదరాబాదులో ఏదో కట్టడం దగ్గర పనికి పోయాడట. ఆ పిల్ల మంచం వాల్చి కూర్చోమంది. నేను కూర్చోలేకపోయాను.

"తప్పు నాదమ్మా. వాడు దొంగ కాదు. నా బండిని బతికించింది వాడు. రేపు పొద్దున నీళ్ల దగ్గర అందరి ముందరా ఈ మాటే చెప్తాను. వాణ్ణి రమ్మని కబురు పెట్టు" అని 2,500 ఆమె ముందు పెట్టాను.

ఆమె లెక్కపెట్టుకుని కొంగున కట్టుకుంది. "ఆయన కష్టం డబ్బులు గదా సార్, తీసుకుంటా."

"ఇంకో తప్పు కూడా చేశాను" అన్నాను. "రెండు రోజులు వరసగా ఈ డబ్బుల కోసం మా ఇంటికి వచ్చావు. నేను లోపల ఉండి కూడా లేనని చెప్పించాను."

ఆమె నా వైపు అర్థం కానట్టు చూసింది.

"డబ్బుల కోసం గాదు సార్. ఆయన బస్సెక్కతా నాకొక మాట చెప్పినాడు. 'సారుకు తెలవదు. పొద్దున సగం గ్లాసు, మధ్యాన్నం సగం గ్లాసు నూనె ఇంజను పైన పొయ్యకపోతే బండి ఆగిపోతది, ఊరికి నీళ్లుండవు. పొయ్యి చెప్పి రా' అన్నాడు. అది చెప్పనీకే రెండు దినాలు వస్తి. సారు ఇంట్లో లేడన్నారు."